మేనమామగారు ముందే వచ్చేశారండి

సోమవరం గుమ్మటం, చంద్రతలం. తలుపుల పర్యవేక్షకుని దైనందిని. పెళ్ళిరోజు.

నమోదు 1. ఉదయం, ఫలహారాలయ్యాక

జరిగినవాటిని జరిగిన వరుసలోనే రాస్తున్నాను. కంగారులో వరుస తప్పితే కారణం కూడా తప్పిపోతుంది.

1. పెళ్ళికొడుకు పృథ్వి ఒంటినిండా నలుగుపిండి పట్టించుకుని, మంగళస్నానం కోసం విడిది స్నానశాలలోకి వెళ్ళాడు.
2. తలుపు మూసుకుంది. అది దాని పని.
3. కుళాయి ఆగిపోయింది. పిండి కడుక్కోకముందే ఆగిపోయింది.
4. తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.
5. ఈ గుమ్మటంలోని తలుపులన్నిటికీ పర్యవేక్షకుడిని, పెళ్ళికూతురు మేదినికి స్వయానా మేనమామను అయిన నేను వెళ్ళి తెరవమన్నాను.
6. తలుపు నన్ను ఎవరని అడిగింది.

ఆరవ అంశం దగ్గర నేను కొంతసేపు ఆగవలసి వచ్చింది. ఆ తలుపును బిగించింది నేను. ప్రతి వారం దాని కీళ్ళకు నూనె పెట్టేది నేను. అయినా మర్యాదగా పేరు, హోదా, వరస చెప్పాను.

“అయ్ బాబోయ్, మేనమామ భీమశంకరం గారు ముందే వచ్చేశారండి,” అంది తలుపు. “పొద్దున్నే పలకరించి మా అందరి బాగోగులూ కనుక్కున్నారండి. మళ్ళీ ఇంకో మేనమామంటే ఎలాగండి? మీరు వంటవాళ్ళ తాలూకా అండి?”

మా తలుపులు గుప్తపదం అడగవు. పూర్వం అడిగేవి. గడప దాకా వచ్చిన చుట్టాన్ని నువ్వెవరో రుజువు చేసుకోమనడం గోదావరి తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మావాళ్ళకు మింగుడుపడలేదు. అలా అడిగిన ఒక తలుపును మా అత్తగారు కాలితో తన్నారు. తలుపుకు ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం చంద్రుడి ఆకర్షణ చాలక ఎదురుగోడ దాకా తేలిపోయారు. అప్పటి నుంచి తలుపులు వరస కలుపుతున్నాయి. ఇంటిపేరు, గోత్రం, ఎవరి తాలూకు, గొంతు, ఈ నాలుగూ సరిపోతే తెరుచుకుంటాయి. అందులోనూ పెళ్ళింట మేనమామ వరస కలిస్తే ఇక ఆయన మాటే మాట.

ఆ వరస ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉంది.

లోపలి నుంచి పృథ్వి పిలిచాడు. వాళ్ళది కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న కొత్తగట్టు గుమ్మటం. “మామా, గాలైతే మంచిగనే ఆడుతున్నది. పిండే ఎండుతున్నది. నవ్వితే పగులుతున్నది,” అన్నాడు. నవ్వవద్దని సలహా ఇచ్చాను.

నిజానికి నవ్వే పరిస్థితి కాదు. పృథ్వికి చంద్రుని ఆవలివైపు నక్షత్రశాలలో మూడేళ్ళ ఉద్యోగం. నౌక ఈ సాయంత్రమే బయలుదేరుతుంది. పెళ్ళయిన జంటకైతే అక్కడ ఇద్దరికీ చోటు ఇస్తారు, కాకపోతే ఒక్కడే వెళ్ళాలి. ముహూర్తం మధ్యాహ్నంలోపే ఉంది. ఆ వేళ దాటితే మేదిని మూడేళ్ళు ఈవలివైపు, వాడు ఆవలివైపు.

నమోదు 2. కొంతసేపటికి

తలుపు మీది వినికిడి పెట్టెలోంచి నా గొంతు నాతో మాట్లాడింది. మనిషి తన గొంతు బయట నుంచి వింటే ఎవరిదో అనుకుంటాడంటారు. నేను వెంటనే పోల్చుకున్నాను, ఎందుకంటే అది నాకంటే బాగుంది. నిదానంగా, నిండుగా, ఒక్కొక్క మాటకు ముందు కొంచెం ఆగి మాట్లాడుతోంది.

అది అడిగింది ఒక్కటే. మంచుగని తాళపు సంకేతం. గుమ్మటంలో అందరూ తాగే నీరు ఆ గని నుంచే వస్తుంది, ఆ సంకేతం పర్యవేక్షకుడిగా నా దగ్గరే ఉంటుంది. అది చెప్పేస్తే తలుపు తెరుస్తానంది. ముహూర్తం దగ్గరపడుతోందని గుర్తుచేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని, చెబితే కుటుంబం పరువు పోతుందని చాలా ఆప్యాయంగా హెచ్చరించింది. చివర ‘అల్లుడు జాగ్రత్త’ అని కూడా అంది.

మేదిని పసుపుబట్టలతోనే పరుగెత్తుకొచ్చింది. సంకేతం ఇచ్చేయనా అని అడిగాను. నిజంగానే అడిగాను, పిల్ల కోసం ఇచ్చేసి ఉండేవాడిని కూడా.

“వద్దు మావయ్యా,” అంది. “గని వాడి చేతికిస్తే రేపట్నుంచి మనకి మంచినీళ్ళు కూడా వాడే పొయ్యాలి. అయినా ఒకసారి ఇచ్చినవాళ్ళ దగ్గరికి రెండోసారి రాడా ఏంటి?”

తరువాత తలుపుకు చెవి ఆనించి పృథ్విని ఆకలేస్తోందా అని అడిగింది. సబ్బు తప్ప ఏమీ లేదని వాడు చెప్పాడు. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలికగా ఉండేది.

నమోదు 3. అక్క దగ్గర

పెళ్ళికూతురి తల్లి, మా అక్క వరహాలమ్మ, పూతరేకుల పెట్టెల మధ్య కూర్చుని ఉంది. జరిగినదంతా వరుసగా చెప్పాను. ఆమె విని, నన్ను ఎగాదిగా చూసింది.

“పొద్దుట్నుంచి ఎంత ముచ్చటగా మాట్లాడావురా శంకరం,” అంది. “గోడలోంచి పిలిచి, అక్కా అలిసిపోయావా, కాఫీ తాగావా అన్నావు. నేనేం చెప్పినా కాస్త ఆగి, ఆలోచించి మరీ జవాబిచ్చావు. పెద్దరికం వచ్చింది మావాడికి అని పొంగిపోయాను. ఇప్పుడేంటి మళ్ళీ మామూలుగా అయిపోయావు?”

అది నేను కాదని చెప్పాను.

“అనుకున్నాను,” అంది అక్క. “నువ్వు కాఫీ తాగావా అని ఎప్పుడడిగావు?”

నా గొంతు, ఇంటిపేరు, వరస పోయినప్పుడు కలగని బాధ అప్పుడు కలిగింది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఒక్క పూటలో నాకంటే మంచి తమ్ముడయ్యాడు. ఆమెకు కాఫీ తెచ్చి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందని చెప్పి తాగింది.

అప్పుడు ఇంకొక విషయం బయటపడింది. ఆ గోడలోని తమ్ముడు కాఫీతో ఆగలేదు. మగపెళ్ళివారు మా పూతరేకులు తిని, చుట్టిన కాగితం తీయడం మరిచిపోయామేమో అనుకున్నామని అన్నారట. అన్నారని అతడు రహస్యంగా చెప్పాడు. ఎవరితోనూ అనవద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. అందుకే అక్క ఉదయం నుంచి మగపెళ్ళివారితో మాట్లాడటం లేదు.

నమోదు 4. విడిదిలో

తలుపుల నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది: ఒకసారి కలిసిన వరసను తెంచాలంటే ఇరుపక్షాల పెద్దలూ ఒకేసారి గుమ్మం ముందు నిలబడి చెప్పాలి. ఒక పక్షం చెబితే చాలదు. కోపతాపాల్లో చుట్టరికాలు తెగిపోకూడదని ఆ ఏర్పాటు చేశారు. మంచి ఏర్పాటే. ఇరుపక్షాలూ మాట్లాడుకోకుండా చేయగలిగినవాడికి మరీ మంచి ఏర్పాటు.

మగపెళ్ళివారి పెద్ద, పృథ్వికి పెద్దమ్మ అయిన రాజవ్వ, విడిదిలో సకినాల డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నారు.

“మళ్ళ వచ్చినవా తమ్మీ,” అన్నారు. “పొద్దున నువ్వే చెప్తివి కద, మా సకినాలు గుమ్మటానికి చిల్లి పడితే మూసుకోను పనికొస్తయని మీ అక్క నవ్విందని.”

నేను చెప్పలేదని, అక్క నవ్వలేదని, ఉదయం నుంచి నేను విడిది వైపు రానేలేదని విన్నవించాను.

రాజవ్వ చాలాసేపు నా మొహం చూశారు. “గొంతు నీదే,” అన్నారు. “కని నువ్వు ముచ్చట చెప్తుంటే ఎప్పుడైపోతదా అని నిద్రొస్తది. ఆయన చెప్తుంటే ఇంకింత వినాలనిపించింది. నాకు అప్పుడే అనుమానం రావాలె.”

దీన్ని సాక్ష్యంగా స్వీకరించాను.

ఆవిడకు కూడా ఒట్టు పడిందట. ఎవరికీ చెప్పవద్దని, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలని. ఒకే దొంగ ఒక ఒట్టుతో రెండు ఇళ్ళకు రెండు తాళాలు వేశాడు. స్నానశాలకు వేసింది మూడోది.

నమోదు 5. భూమితో సంభాషణ

సైబర్ నేరాల మీద దేశాలన్నీ కలిసి నడిపే ఉమ్మడి నిఘా కేంద్రానికి ఫోన్ చేశాను. ఫోన్ చేయకుండా ఉండడానికి నాకు చాలా కారణాలు తోచాయి. వాటిలో పెద్దది, తలుపుల పర్యవేక్షకుడి తలుపే అతణ్ణి మోసం చేసిందని చెప్పవలసి రావడం.

వాంజిరు అనే అధికారిణి తీశారు. ఆవిడ ఎక్కడో ఆఫ్రికా తీరాన కూర్చుని తన భాషలో మాట్లాడుతుంటే అనువాద యంత్రం తెలుగు చేసి వినిపించింది. ఆ యంత్రం పాత శాసనాలతో తెలుగు నేర్చినట్టుంది.

“మహాశయా, మీ వరునికి శ్వాస సౌఖ్యముగా నున్నదా?” అని మొదటి ప్రశ్న. ఉన్నదని, చర్మం మాత్రం పగులుతోందని చెప్పాను.

తరువాత ఆవిడ ఇటీవల ఎవరికైనా బంధువుల వివరాలు చదివి వినిపించారా అని అడిగారు. లేదన్నాను. మళ్ళీ అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పెళ్ళిపత్రిక అచ్చువేసేవారమంటూ ఒకరు పిలిచి నమూనా చూపించారు. ఇంటిపేర్లు తప్పు, గోత్రం తప్పు, మా బావగారికి వేసిన వరసే తప్పు. అన్ని తప్పులున్న కాగితాన్ని నేను జన్మలో చూడలేదు. ప్రతి పేరూ పైకి చదివి, ఎవరు ఎవరికి ఏమవుతారో విడమరిచి, ఒత్తులతో సహా సరిదిద్దాను. అంత ఆనందంగా గడిచిన సాయంత్రం ఈ మధ్య లేదు. చివర వారు నన్ను మెచ్చుకున్నారు కూడా.

వాంజిరు గారు నవ్వలేదు. ఒంటరివారికి స్నేహం చూపిస్తారని, భయస్తులకు పోలీసు గొంతు వినిపిస్తారని, తప్పు కనిపిస్తే ఊరుకోలేనివారికి తప్పులు పంపుతారని వివరించారు. ఎర ప్రతివారికీ వేరుగా ఉంటుంది. నేరం కూడా ఒక్కరు చేసేది కాదు. పెళ్ళిపత్రికలు ఏరేవాడు ఒక దేశంలో, గొంతు తయారుచేసేవాడు ఇంకొక దేశంలో, కూర్చుని మాట్లాడేవాడు మరొకచోట, తలుపుకు తాళం వేసేవాడు వేరొకచోట. ఏ దేశపు పోలీసులు చూసినా వారికి నేరంలో ఒక ముక్కే కనిపిస్తుంది, ఆ ముక్క చూడడానికి అమాయకంగానే ఉంటుంది. ముక్కలు కలపాలంటే మోసపోయినవారు నోరు విప్పాలి. వారేమో సిగ్గుతో దాచుకుంటారు.

ఈ సంభాషణ నడుమ నాకు చిరాకు కలిగింది. నేను అడిగిన ప్రతిదానికీ ఆవిడ కొంచెం ఆగి జవాబు చెబుతున్నారు. ఇంత అత్యవసరంలో ఈ నిదానం ఏమిటని అనుకుంటుండగా తట్టింది. ఆవిడ ఆలోచించడానికి ఆగడం లేదు. నా మాట భూమికి వెళ్ళి, ఆవిడ మాట చంద్రుడికి రావడానికి పట్టే సమయం అది. ఎంత తొందరపడినా ఆ ఆలస్యాన్ని ఎవరూ తగ్గించలేరు.

నా గొంతుతో మాట్లాడినవాడు కూడా ప్రతి మాటకు ముందు అంతే ఆగాడు. పందిట్లోనే ఉన్నట్టు నమ్మించినవాడు భూమి మీద ఉన్నాడు. ఆ ఆలస్యాన్ని మా తలుపులు, మా అక్క, రాజవ్వ, అందరూ కలిసి పెద్దరికం అనుకున్నారు.

వాంజిరు గారికి చెప్పాను. ఆవిడ ఆగి, ఈసారి నిజంగానే ఆలోచించి, అతణ్ణి వీలైనంతసేపు మాటల్లో ఉంచమన్నారు. అతని మాట ఏ దారిన వస్తోందో నాలుగు దేశాలవారు వెనక్కి పట్టుకుంటూ వెళ్తారట.

నమోదు 6. స్నానశాల గుమ్మం ముందు

వరహాలమ్మ ఒక పక్క, రాజవ్వ ఒక పక్క నిలబడ్డారు. మధ్యలో నేను. ఇద్దరినీ తీసుకురావడానికి నేను పెద్దగా వాదించలేదు. సకినాలు అక్కకు, పూతరేకులు రాజవ్వకు ఇచ్చి, ఎదురెదురుగా తినమని బతిమాలాను. రాజవ్వ నోట్లో పూతరేకు కరిగిపోయింది. ఇట్ల కరిగిపోయేదాన్ని కాగితమని ఎట్లంటమని ఆశ్చర్యపోయారు. అక్క సకినం కొరికినప్పుడు వచ్చిన చప్పుడుకు లోపల పృథ్వి ఏం విరిగిందని అడిగాడు. ఆ తరువాత ఇద్దరి కోపమూ ఒకే మనిషి మీదకు మళ్ళింది.

తలుపు మాత్రం తేలికగా లొంగలేదు. ఇద్దరు భీమశంకరాల్లో ఎవరిని తెంచాలో తేల్చమంది. అక్క ఇంటిపేరు, గోత్రం, తాతగారి ఊరు అడిగింది. వినికిడి పెట్టెలోని నేను అన్నిటికీ తడుముకోకుండా చెప్పాను, అంటే చెప్పాడు. చెప్పడా మరి, ఒత్తులతో సహా నేర్పింది నేనే. పైగా మా ముత్తాతగారి రెండో భార్య పుట్టింటివారి పేరు నాకు తట్టకముందే అతడు చెప్పేశాడు. తలుపు అతని వైపు మొగ్గుతోంది.

అప్పుడు నేను ఆలస్యం సంగతి ఇద్దరి చెవిలోనూ వేశాను. రాజవ్వ కొంగు నడుముకు చుట్టుకున్నారు.

“ముచ్చట్లు బంద్ పెట్టుండ్రి,” అన్నారు. “నేను చప్పట్లు కొడ్త. ఇద్దరు నాతోని కలిపి కొట్టుండ్రి. బతుకమ్మ కాడ తాళం తప్పినోణ్ణి మా గుమ్మటంల చుట్టం అనరు.”

పెట్టెలోని గొంతు ఆగి, ఇది పెద్దమనుషులు చేసే పని కాదంది. అలాగైతే వద్దులెమ్మని, మంచుగని మాట తరువాత చూసుకుందామని అక్క ఎంతో ప్రేమగా చెప్పింది. వెంటనే కాకపోయినా, అతడు ఒప్పుకున్నాడు.

రాజవ్వ మొదలుపెట్టారు. రెండు నిదానంగా, మూడు గబగబా, ఒకటి ఆపి, మళ్ళీ రెండు. ముందుగా ఊహించగల వరుస ఏదీ లేదు. నేను చిన్నప్పటి నుంచి భజనల్లో ఎవరూ తాళం వేయనివ్వని మనిషిని. ప్రతి చప్పట్లోనూ నా చేతులు కాస్త అటో ఇటో పడ్డాయి, ఒకసారి అసలు కలవనేలేదు. కాని పెట్టెలోని చప్పట్లు ఆవిడ ఆపేశాక కూడా వస్తూనే ఉన్నాయి. ఆవిడ నిదానించినప్పుడు అవి గబగబా పడ్డాయి, గబగబా కొట్టినప్పుడు నిదానించాయి. చివరకు అందరం చేతులు దించి నిలబడితే, ఖాళీ గుమ్మం ముందు ఎవరో ఒంటరిగా మమ్మల్ని అభినందిస్తున్నట్టు చప్పట్లు మోగాయి.

“ఈయన తాళం తప్పే,” అన్నారు రాజవ్వ నన్ను చూపిస్తూ. “కని ఇక్కడి తప్పే. ఆని చప్పట్లు ఎక్కడ్నుంచో ప్రయాణం చేసుకుంట వస్తున్నయి.”

పెట్టెలోని చప్పట్లు ఆగాయి. తరువాత నా గొంతు కాక, అలసిపోయిన ఇంకెవరి గొంతో వినపడింది. ఇంకో పెళ్ళి కూడా చూసుకోవాలని, తొందరగా తేల్చమని ఆ గొంతు అడిగింది. ఏ పెళ్ళి అని అక్క అడిగింది. ఎవరి తాలూకు అంది. కాఫీ తాగావా అని కూడా అడిగింది. అతడు జవాబు వెతుక్కుంటూ ఉండగానే పెట్టె మూగబోయింది. నాలుగు దేశాలవారు చివరి ముక్క పట్టుకున్నారని తరువాత తెలిసింది.

ఇద్దరు పెద్దలూ ఒక్క గొంతుతో వరస తెంచారు.

“తప్పైపోయిందండి భీమశంకరం గారూ,” అంది తలుపు. “ఆయన బాగా మాట్లాడారండి. అందుకని నమ్మేశానండి.”

తలుపు తెరుచుకుంది. పృథ్వి ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు తేలి బయటికొచ్చాడు. మేదిని వాణ్ణి చూసి నవ్వింది. వాడు తిరిగి నవ్వడంతో బుగ్గ మీది పిండి పెళ్ళలుగా ఊడి, నిదానంగా నేలకు దిగింది. స్నానానికి వ్యవధి లేదు. తడిగుడ్డతో మొహం వరకు తుడిచి పీటల మీద కూర్చోబెట్టారు.

నమోదు 7. పెళ్ళయ్యాక

మేదినిని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చాను. చంద్రుడి మీద పెళ్ళికూతురు పెద్ద బరువుండదు. మేనమామ కష్టపడినట్టు కనిపించాలని మా గుమ్మటంలో బుట్టలో రుబ్బురోలు కూడా పెడతారు. దారి పొడుగునా తలుపులన్నీ నన్ను ఆపి వరస అడిగాయి. ఇకపై ఎవరు వచ్చినా, ఎంత తీయగా పలకరించినా, అటువారినీ ఇటువారినీ అడిగాకే తెరవాలని అంతకుముందే వాటికి చెప్పి ఉన్నాను. అవి వెంటనే నా మీదే ఆచరణలో పెట్టాయి. రుబ్బురోలుతో సహా నిలబడి ప్రతి గుమ్మం దగ్గరా జవాబు చెప్పుకున్నాను. ముహూర్తం తప్పలేదు. పృథ్వి తాళి కడుతుంటే మోచేతి నుంచి పిండి రాలింది. ఇద్దరికీ నౌకలో చోటు ఖాయమైంది.

వాంజిరు గారు మళ్ళీ పిలిచారు. మూడు చోట్ల మనుషులు దొరికారు, నాలుగోచోట గది ఖాళీగా ఉందట, వెతుకుతున్నారు. ఆ చప్పట్ల జాడ పట్టుకుని చూస్తే, అదే సమయంలో అదే మనిషి ఇంకా ఎన్నో పెళ్ళిళ్ళలో ఉన్నాడు. ఒకచోట పినతండ్రి, ఒక క్రైస్తవుల ఇంట బాప్తిస్మమిప్పించిన జ్ఞానపిత, ఒక గుమ్మటంలో పెళ్ళికూతురి అమ్మమ్మ. ఆ ఇళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడు వాటి తలుపులు కూడా తెరుచుకుంటున్నాయట.

అన్ని గుమ్మటాలకూ, భూమి మీది ఊళ్ళకూ ఒక హెచ్చరిక పంపుతామని ఆవిడ అన్నారు. ఎలా మోసపోయారో ఉంటుంది, మోసపోయినవారి పేరు మాత్రం ఎప్పుడూ వేయరు, వేయమని వారే అడిగితే తప్ప. పేరు గోప్యముగా నుంచవలెనా మహాశయా అని యంత్రం అడిగింది.

“వెయ్యకురా,” అంది అక్క. “తలుపుల వాణ్ణి తలుపే గుర్తుపట్టలేదంటే చుట్టాలంతా నవ్విపోతారు.”

“నవ్వనియ్యి వదినె,” అన్నారు రాజవ్వ. “పేరు లేకపోతే గిది ఎవలకో అయింది, మనకు కాదనుకుంటరు.”

నేను ఆలోచించాను. ఉదయం నుంచి నా పేరు ఎక్కడెక్కడో ఎవరెవరి నోటనో తిరిగి వచ్చింది. దాన్ని మళ్ళీ దాచిపెడితే, పోయినప్పటికీ ఇప్పటికీ తేడా ఉండదు. పెళ్ళిపత్రిక సంగతి, తప్పులు దిద్దిన ఆనందం, మెచ్చుకుంటే పొంగిపోవడం, ఏదీ విడవకుండా పైవన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపుతున్నాను. ఇది చదివేవారిలో ఇలాంటిది జరిగి దాచుకున్నవారుంటే, దీనికింద తమ పేరు కూడా రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. ముందు ఎవరు రాయాలనే సంకోచం అక్కరలేదు, మొదటి పేరు నాది.

సోమవరం గుమ్మటం,
మధ్యాహ్నం ఒంటిగంట నలభై నిమిషాలు.

మోసపోయినవాడు, పెళ్ళికూతురి మేనమామ,
ముమ్మిడి వెంకట భీమశంకరం